చిన్న కోతి ఊపిరి – వినపడని శబ్దం

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి

నోరులేని జీవం జబ్బుపడితే దాని బాధ ఎవరికి తెలుస్తుంది?

మాది వ్యవసాయ కుటుంబం. నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా గేదెకు పుట్టిన పెయ్యదూడకు కడుపు ఉబ్బరించింది. మా వైపు అలవాటు ప్రకారం దాని మూతి పైకెత్తి వెదురుగొట్టంతో వాము కషాయం పట్టాం. పట్టింది నేనే. మధ్యలో అది గట్టిగా దగ్గింది. "కాస్త పొలమారిందిలే, ఏం కాదు" అన్నారు ఇంట్లో వాళ్ళు. మర్నాడు మామూలుగానే పాలు కుడిచింది. మూడోనాడు చెవులు వేలాడేసింది. ఆరోనాడు తెల్లవారేసరికి పాకలో చచ్చిపడి వుంది.

పశువుల డాక్టరుగారు వచ్చి కోసి చూపించారు. తేలిగ్గా, దూదిలా వుండవలసిన ఊపిరితిత్తి ఒక ప్రక్క కార్జంలా గట్టిపడి వుంది. చిన్న ముక్క కోసి బకెట్టు నీళ్ళలో వేశారు. మునిగిపోయింది. "మంచి ఊపిరితిత్తి అయితే తేలుతుంది. దీంట్లో గాలి లేదు. కషాయం దారి తప్పి గాలిగొట్టంలోకి పోయింది. మొదట్లోనే తెలిస్తే వైద్యానికి వీలుండేది" అన్నారాయన. "లోపల ఏముందో మాకెట్లా తెలుస్తుందండీ!" అన్నాడు మా నాన్న. ఆ ప్రశ్నకు అప్పుడు అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ సంవత్సరం మా జువాలజీ సెమినారుకు తలా ఒక విషయం ఎంచుకోమన్నారు. నేను "మార్మోసెట్ కోతులలో ఊపిరితిత్తుల వ్యాధిని అతిధ్వనులతో గుర్తించుట" అని పేరిచ్చాను. క్లాసంతా నవ్వారు. "గేదెల్ని వదిలి కోతుల మీద పడ్డాడ్రా" అని ఒక మిత్రుడు వెనక బెంచీ నుంచి అన్నాడు. నేను నిజానికి గేదెను వదల్లేదు. ఎలాగో చివర్లో చెబుతాను. ముందు ఆ కోతి సంగతి చూద్దాం.

ఎవరీ మార్మోసెట్?

కోతి అనగానే మనకు గుడి గోపురం మీద కూర్చుని కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతి గుర్తుకొస్తుంది. మార్మోసెట్ అలాంటిది కాదు. దీని సొంత ఊరు బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతం. పెరిగిన మార్మోసెట్ బరువు సుమారు 350 గ్రాములు, అంటే రెండు మామిడికాయలంత. చెవుల దగ్గర తెల్లటి కుచ్చులు, ఒంటికంటే పొడవైన చారల తోక. సాధారణంగా ఒక్కో కాన్పుకు కవలలు పుడతాయి. ఆ పిల్లల్ని తండ్రి కూడా వీపున మోస్తాడు. క్రింది పళ్ళతో చెట్టు బెరడు గీరి, కారిన బంకను నాకడం వీటికి మహా ఇష్టం. మన చేలగట్ల మీద తుమ్మబంక ఏరుకుని తిన్న వాళ్ళకు ఈ రుచి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చిన్న జంతువు శాస్త్రజ్ఞులకు ఎందుకు కావలసి వచ్చింది? ఎలుక కంటే ఇది మనిషికి చాలా దగ్గరి చుట్టం. పెద్ద కోతుల కంటే దీనికి తక్కువ చోటు, తక్కువ మేత చాలు. సుమారు ఏడాదిన్నరకే ఈడుకొస్తుంది. అందుకని మెదడు, సంతానోత్పత్తి, క్షయ వంటి అంటువ్యాధుల పరిశోధనల్లో దీనికి స్థానం దొరికింది. జర్మనీలో, జపానులో, అమెరికాలో వీటిని పెంచే పరిశోధనాలయాలు వున్నాయి. 2009లో జపాను శాస్త్రజ్ఞులు దీని పిండంలో కొత్త జన్యువును చేర్చి, అది తరువాతి తరానికి గూడా సంక్రమించడాన్ని చూపించారు. 2014లో దీని జన్యుపటం మొత్తం ప్రచురితమయింది.

అయితే ఈ కోతులకు ఊపిరితిత్తుల జబ్బులు తేలిగ్గా సోకుతాయి. కుక్కల్లో దగ్గు తెప్పించే బోర్డెటెల్లా, న్యుమోనియా కలిగించే క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియాలు వీటినీ పట్టుకుంటాయి. అసలు చిక్కు ఎక్కడంటే, అడవిలో గ్రద్దకూ పాముకూ ఆహారమయ్యే జంతువు తన నీరసాన్ని పైకి కనపడనివ్వదు. కనపడితే వేటగాడి చూపు ముందు దాని మీదే పడుతుంది. అందుకని జబ్బు ముదిరేదాకా మామూలుగానే గెంతుతుంది. మనకు అనుమానం వచ్చేసరికి చేయి దాటిపోతుంది. మా పెయ్యదూడ మర్నాడు మామూలుగా పాలు కుడవడం నాకు ఇక్కడే గుర్తుకొచ్చింది.

పీపా మీద వేలితో కొట్టి...

ఛాతీ కోయకుండా లోపలి సంగతి తెలుసుకోవాలన్న కోరిక ఈనాటిది కాదు. ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ ఒక పూటకూళ్ళ ఇంటి యజమాని కొడుకు. సారాయి పీపాలను వేలితో కొట్టి, ఆ శబ్దాన్ని బట్టి లోపల ఎంత మిగిలిందో చెప్పడం చిన్నప్పుడు చూశాడని చెబుతారు. మన ఆడవాళ్ళు సంతలో కుండను వేలితో కొట్టి పగులుందో లేదో చూసుకున్నట్లే. అదే పద్ధతిని ఆయన రోగి ఛాతీ మీద ప్రయోగించి 1761లో పుస్తకం వ్రాశాడు. 1816లో పారిస్ నగరంలో లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు.

ఈ మూడూ మార్మోసెట్ దగ్గర తడబడతాయి. దాని ఛాతీ మన పిడికిట్లో ఇమిడిపోతుంది. కొట్టి చూడటానికి అక్కడ చోటేది? స్టెతస్కోపు పెడితే నిమిషానికి 200 సార్లకు పైగా కొట్టుకునే గుండె చప్పుడులో ఊపిరి చప్పుడు కలిసిపోతుంది. ఎక్స్‌రే మంచిదే. కాని కదలకుండా వుండాలంటే చాలాసార్లు మత్తు ఇవ్వాలి. ఊపిరాడని జంతువుకు మత్తంటే ప్రాణగండం. పైగా మాటిమాటికీ తీస్తే కిరణాల హాని వుండనే వుంది. మరి మిగిలిన దారి? అతిధ్వనులు.

అతిధ్వని అంటే

మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. అంతకు మించినది అతిధ్వని. గబ్బిలాలు చీకట్లో దారి చూసుకునేది దీనితోనే. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. ఆ స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది, శబ్దం పుట్టిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లాంజ్‌విన్ దీన్ని జలాంతర్గాముల జాడ తీయడానికి మళ్ళించాడు. 1958లో గ్లాస్గో నగరంలో అయాన్ డొనాల్డ్ తన సహచరులతో కలిసి గర్భస్థ శిశువు చిత్రాలను ప్రచురించాడు. యుద్ధంలో ఓడలను ముంచేవాళ్ళ కోసం పుట్టిన విద్య తల్లి కడుపులోని బిడ్డను చూపించింది.

సూత్రం చాలా తేలిక. నూతి గట్టు మీద నిలబడి కేక వేస్తే మన కేక మనకే తిరిగి వినపడుతుంది. ఎంత ఆలస్యంగా వస్తే నీళ్ళు అంత లోతున వున్నట్లు. మిషను ప్రోబులోని స్ఫటికం శరీరంలోకి కేక వేస్తుంది. కణజాలంలో శబ్దవేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. 1 సెంటీమీటరు లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 13 పడతాయి. మిషను ఆ కాలాన్ని కొలిచి, ఆ లోతులో తెర మీద ఒక తెల్లటి చుక్క పెడుతుంది. సెకనుకు కోటి కంపనాల ధ్వని వాడితే తరంగదైర్ఘ్యం 0.15 మిల్లీమీటర్లే వుంటుంది. తరంగం ఎంత పొట్టిదైతే అంత సన్నని వివరం కనిపిస్తుంది, కాని అంత లోతుకు పోలేదు. చిన్న కోతికి లోతు ఎట్లాగూ అక్కరలేదు. దాని చిన్నతనం ఇక్కడ లాభమే అయింది.

గాలి అనే గోడ

అంతా బాగానే వుంది. కాని ఊపిరితిత్తి అంటే గాలిసంచి గదా! కణజాలం నుంచి గాలిలోకి పోబోయే అతిధ్వని వెయ్యి పాళ్ళలో సుమారు 999 పాళ్ళు వెనక్కు కొట్టేస్తుంది. ప్రోబుకూ చర్మానికీ మధ్య జిగురు పూసేది కూడా ఆ సందులోని గాలిని తొలగించడానికే. కాబట్టి ఊపిరితిత్తి పైపొర దగ్గరే ధ్వని ఆగిపోతుంది. లోపలిదేదీ కనపడదు. ఈ కారణం చేతనే, "ఊపిరితిత్తులకు అతిధ్వని పనికిరాదు" అని వైద్య గ్రంథాలు ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చాయి.

ఆ మాట తప్పు కాదు. కాని అది సగమే నిజం. మిగతా సగాన్ని మొదట చూపించిన వాటిలో ఒకటి గుర్రం! 1986లో రాంటనెన్ అనే అమెరికన్ పశువైద్యుడు గుర్రాల ఛాతీని పరీక్షిస్తూ, శ్వాసతో పాటు ఊపిరితిత్తి పైపొర ఛాతీగోడ క్రింద జారుతూ కనిపించడాన్ని గురించి వ్రాశాడు. జారుతూ వుంటే ఊపిరితిత్తి గోడకు ఆనుకుని వుంది. ఆ కదలిక కనపడకపోతే, మధ్యలో గాలి చేరిందేమోనని అనుమానించాలి. తరువాత ఫ్రాన్సులో లిక్టెన్‌స్టైన్ అనే వైద్యుడు దీన్ని మనుషులలో ఏళ్ళ తరబడి పరీక్షించాడు. 2008లో ఆయన తన సహచరునితో కలిసి ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన 260 మంది రోగులలో, నూటికి 90 మందికి పైగా ఈ పద్ధతి సరైన కారణం చెప్పిందని ప్రకటించాడు. 2014లో లిసియాండ్రో బృందం కుక్కల ఊపిరితిత్తులను ప్రక్కకు నాలుగు చోట్ల చొప్పున చూసే క్రమాన్ని ప్రచురించింది. ఈ దారినే పశువైద్యులు చిన్న కోతుల దాకా వచ్చారు.

మనిషి వైద్యం పశువులకు దిగిరావడమే మనకు తెలుసు. ఇక్కడ గుర్రం నుంచి మనిషికి, మనిషి నుంచి కుక్కకూ కోతికీ విద్య నడిచింది.

తెర మీద ఏం కనిపిస్తుంది?

మంగలిషాపులో ఎదురెదురుగా రెండు అద్దాలుంటాయి. మధ్యలో కూర్చుంటే మన తల ఒకదాని వెనక ఒకటిగా వరుసగా కనపడుతుంది. నిజంగా వున్నది ఒక్క తలే. ఆరోగ్యంగా వున్న ఊపిరితిత్తి దగ్గర ఇదే జరుగుతుంది. పైపొర ఒక అద్దం, ప్రోబు ముఖం ఇంకో అద్దం. ధ్వని వాటి మధ్య ఎగిరెగిరి పడుతుంది. పైపొర 3 మిల్లీమీటర్ల లోతున వుందనుకుందాం. అప్పుడు 6, 9, 12 మిల్లీమీటర్ల దగ్గర గూడా అడ్డగీతలు కనిపిస్తాయి. వీటిని 'ఏ' గీతలంటారు. అక్కడ నిజంగా ఏ వస్తువూ లేదు, అవి దొంగ గీతలు. కాని దొంగ గీతలు సమదూరంలో వున్నాయంటే పైపొర వెనక గాలి పుష్కలంగా వున్నట్లు. దానితో పాటు పైపొర జారుతూ వుంటే, ఆ చోట ఊపిరితిత్తి పొడిగా, క్షేమంగా వుందన్నమాట.

ఇప్పుడు ఊపిరితిత్తి అంచున కొంచెం నీరు చేరిందనుకోండి. గాలిబుడగల మధ్య పలచని నీటిపొరలు, సబ్బునురుగులాగా. ధ్వని ఆ సందుల్లో చిక్కుకుని లోపల్లోపలే కొట్టుకుంటూ, కొద్దికొద్దిగా బయటికి వస్తూ వుంటుంది. మిషను పాపం ఆలస్యంగా వచ్చిన ప్రతి ముక్కా ఇంకా లోతు నుంచి వచ్చిందనుకుంటుంది. అందువల్ల పైపొర నుంచి తెర అడుగుదాకా నిలువుగా తెల్లటి చార గీస్తుంది. ఇది 'బి' గీత. ఊపిరితో పాటు అటూ ఇటూ ఊగుతుంది, దారిలోని 'ఏ' గీతల్ని చెరిపేస్తుంది. ఒకటీ అరా ఆరోగ్యవంతులలోనూ కనిపించవచ్చు. ఒకే చోట మూడు దాటితే అనుమానించాలి. లెక్కపెట్టలేనంతగా కలిసిపోయి తెల్లటి పరదా అయితే ఆ భాగం బాగా తడిసిపోయినట్లు.

జబ్బు ఇంకా ముదిరి గాలిగదులు చీముతోనో ద్రవంతోనో నిండిపోతే గాలి అనే గోడే లేకుండా పోతుంది. అప్పుడు ధ్వని నేరుగా లోపలికి వెళుతుంది. మొదట చిన్న మచ్చ, దాని అడుగు అంచు చిరిగిన గోనెపట్టాలా గరగరగా వుంటుంది. అది పెరిగితే ఊపిరితిత్తి తెర మీద అచ్చం కార్జంలా కనపడుతుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మా పాకలో డాక్టరుగారు కోసి చూపించింది ఇదే. ఇక్కడ కోయకుండా, ప్రాణం వుండగా చూస్తున్నారు.

మొత్తం మీద విశేషం ఏమిటంటే, ఏ గాలి అడ్డమని ఈ పద్ధతిని వద్దన్నారో, ఆ గాలి ఎంత తగ్గిందన్నదే ఇక్కడ వ్యాధికి కొలబద్ద.

కోతిని పట్టుకోవడం

చెప్పినంత తేలిక కాదు. మామూలు ప్రోబు ముఖం 4, 5 సెంటీమీటర్లుంటుంది. మార్మోసెట్ ఛాతీ అంతా దాని క్రిందే అయిపోతుంది. అందుకని హాకీకర్ర ఆకారంలో వుండే చిన్న ప్రోబును ఎంచుకోవడం మేలు. ఒత్తుగా వున్న బొచ్చును పాయ తీసి, ఆల్కహాలుతో తడిపి, జిగురు పూస్తారు. ఇంత చిన్న ఒంటికి చలి త్వరగా ఎక్కుతుంది కనుక జిగురును గోరువెచ్చగా చేసుకోవాలి. ఒకరు చేతి తొడుగులు వేసుకుని మెత్తగా పట్టుకుంటే, ఇంకొకరు అటు నాలుగు చోట్ల, ఇటు నాలుగు చోట్ల చూస్తారు. ప్రక్కటెముకల వెనక నల్లటి నీడ పడుతుంది. రెండు నీడల మధ్య సందులోనే ఊపిరితిత్తి అంచు దొరుకుతుంది. ముందునుంచే మచ్చిక చేసి, పరీక్ష అయ్యాక బంక నాకనిస్తే మరుసటిసారి అంత బెదరదు. ఆయాసంతో వున్నదాన్ని మాత్రం గట్టిగా అదిమి పట్టకూడదు. పరీక్షే ప్రాణం తీస్తుంది. దాని మూతి పైకెత్తి గొట్టం పెట్టిన నా చేతులకు ఈ హెచ్చరిక బాగా అర్థమయింది.

లోపాలు లేవా?

వున్నాయి. ధ్వని చూసేది ఊపిరితిత్తి అంచును మాత్రమే. నడిమధ్యలో పుండు వుండి, దాని చుట్టూ మంచి గాలి వుంటే ఏమీ కనపడదు. 'బి' గీతలు తడిని చెబుతాయి గాని అది న్యుమోనియా వల్లనా, గుండె నీరసం వల్లనా అన్నది చెప్పవు. పాత మచ్చలు కూడా అలాంటి గీతలే పుట్టించవచ్చు. అన్నిటికీ మించి చూసే కంటికి అనుభవం కావాలి. కాబట్టి ఇది ఎక్స్‌రేకు, రక్తపరీక్షకు తోడే గాని వాటికి బదులు కాదు.

అయినా దీని విలువ ఇంకొక చోట వుంది. ఒక వ్యాధి 3వ రోజున, 7వ రోజున, 14వ రోజున ఎట్లా వుంటుందో తెలియాలంటే, కోసి చూసే పద్ధతిలో ఒక్కో రోజుకు కొన్ని జంతువులను చంపాల్సిందే. బ్రతికుండగా చూడగలిగితే ఒకే జంతువును అన్ని రోజులూ చూడవచ్చు. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1959లోనే మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువుకు బదులు వేరే మార్గం చూడండి, లేకపోతే సంఖ్య తగ్గించండి, అదీ కాకపోతే బాధ తగ్గించండి. ఈ వినపడని శబ్దం రెండో సూత్రానికీ మూడో సూత్రానికీ పనికొస్తుంది. జంతువులపై ప్రయోగాలు న్యాయమా కాదా అన్న వాదం మన హాస్టల్లో ఎన్ని రాత్రులు జరిగినా తెగదు. తెగేలోగా ఒక్క కోతి ప్రాణం తక్కువ పోయినా మంచిదే గదా అని నా ఉద్దేశం.

మళ్ళీ మా పాకలోకి

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతంతా నాన్నకు చెప్పాను. పేడ ఎత్తుతూనే విన్నాడు. చివరికి, "అంత చిన్న కోతికి చెయ్యగా లేంది గొడ్డుకు చెయ్యరట్రా?" అన్నాడు.

చేస్తున్నారు నాన్నా! విదేశాల్లో కొన్ని డెయిరీలలో దూడల న్యుమోనియాను, అవి దగ్గకముందే, ఈ విధంగా పట్టుకుంటున్నారు. దానికి వాడేది కొత్త మిషను గూడా కాదు. గేదె చూలు కట్టిందో లేదో చూడటానికి పశువైద్యులు వాడే మిషనే, ఆ ప్రోబే. బొచ్చు మీద కాస్త ఆల్కహాలు చల్లి, ప్రక్కటెముకల సందున ఆనిస్తే చాలు, ఊపిరితిత్తి అంచు కనిపిస్తుంది. అంటే చూలు చూసే మిషను వున్న ప్రతి పశువుల ఆసుపత్రిలోనూ ఊపిరితిత్తి చూసే మిషను వున్నట్లే. కొరవడింది వస్తువు కాదు, తెర మీది గీతలను చదవగలిగిన కన్ను.

సెమినారులో వెనక బెంచీ మిత్రుడు ఆఖరికి లేచి, "ఇంతకీ కోతా, గేదా?" అని అడిగాడు. "రెండిట్లోనూ ఊపిరి ఒకటే" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని అందరూ అడుగుతున్నారు. సీటు దొరుకుతుందో లేదో తెలియదు గాని పశువైద్యం చదవాలని వుంది. ఈలోగా మా ఇంట్లో ఒక మార్పు మాత్రం వచ్చింది. దూడకు ఏం మందు పట్టాలన్నా మూతి ఎత్తి గొట్టం పెట్టడం మానేశాం. నాన్న ఆ వెదురుగొట్టాన్ని చూరులోంచి తీసి పొయ్యిలో పెట్టేశాడు.